ప్రభుత్వం మారితే విదేశాంగ విధానం కూడా మారిపోతుందా?

మారుతుంది, కానీ ఎన్నికల సభల్లో ఊదరగొట్టినంత కాదు. నాకిది పుస్తకాల కంటే ముందు ఇంట్లోనే తెలిసొచ్చింది.

మాది చిత్తూరు. 1990లో మా మేనమామ కువైట్‌లో డ్రైవరు. ఆగస్టు 2న ఇరాక్ అధ్యక్షుడు సద్దాం హుస్సేన్ సైన్యం అక్కడ దిగాక ఆయన జాడే లేదు. ఢిల్లీలో అప్పుడు వి.పి. సింగ్ ప్రభుత్వం. విదేశాంగ మంత్రి గుజ్రాల్ బాగ్దాద్ వెళ్లి సద్దాంను కౌగిలించుకుంటే చాలామంది దుమ్మెత్తిపోశారు. మా అమ్మమ్మ మాత్రం పల్లెత్తు మాట అనలేదు. కొడుకు అక్కడ ఇరుక్కుంటే ఎవరంటారు! అక్టోబరు కల్లా దాదాపు 1.7 లక్షల మందిని, ఎక్కువగా జోర్డాన్‌లోని అమ్మాన్ మీదుగా, విమానాల్లో తెచ్చారు. మామ వచ్చారు గానీ, చొక్కా లోపల కుట్టుకుని తెచ్చిన దినార్లను బొంబాయిలో ఎవరూ మార్చలేదు.

నవంబరులో ప్రభుత్వం పడిపోయి చంద్రశేఖర్ వచ్చారు. జనవరిలో సద్దాంను కువైట్ నుంచి వెళ్లగొట్టడానికి అమెరికా కూటమి యుద్ధం మొదలుపెట్టాక అమెరికా సైనిక విమానాలు మన విమానాశ్రయాల్లో ఇంధనం నింపుకోవడానికి ఒప్పుకున్నారు. కొన్ని నెలల్లోనే ఎంత తేడా చూడండి! బయటి నుంచి మద్దతిస్తున్న కాంగ్రెస్ గొడవ చేయడంతో ఫిబ్రవరిలో ఆపేశారు. కాబట్టి ప్రధాని ఎవరన్నదే కాదు, ఆయన ఎవరి మద్దతుతో నిలబడ్డారన్నదీ చూడాలి.

డబ్బు దగ్గరికొస్తే ఆ తేడా కూడా కనిపించదు. యుద్ధంతో చమురు బిల్లు పెరిగి డాలర్లు అడుగంటాయి. చంద్రశేఖర్ హయాంలో 20 టన్నుల బంగారం బయటికి పంపారు. జూన్‌లో పి.వి. వచ్చాక మరో 47 టన్నులు కుదువ పెట్టారు. 1992 జనవరిలో ఇజ్రాయెల్‌తో పూర్తి దౌత్య సంబంధాలు పెట్టుకోవడం మాత్రం నిజంగా పెద్ద మలుపే. 1950లోనే గుర్తించినా అంతవరకూ అక్కడ మన రాయబారి లేడు. అది పి.వి. ధైర్యం అంటారు, కాదనను. కానీ అంతకు నెల ముందే మనకు అండగా ఉన్న సోవియట్ యూనియన్ కూలిపోకపోతే ఆయనైనా అంత తొందరగా అడుగేసేవారు కాదని నా అభిప్రాయం.

ప్రతిపక్షంలో ఉన్నప్పటి మాటలనైతే అసలు లెక్కలోకి తీసుకోకండి. 2013లో బంగ్లాదేశ్‌తో భూభాగాలు మార్చుకుని సరిహద్దు తేల్చుకునే బిల్లును రాజ్యసభలో అడ్డుకున్నవాళ్లలో బీజేపీ కూడా ఉంది. 2015లో దాదాపు అదే ఒప్పందాన్ని 100వ రాజ్యాంగ సవరణగా పార్లమెంటులో నెగ్గించుకున్నదీ బీజేపీ ప్రభుత్వమే.