ఆత్మరక్షణకు తుపాకీ: చట్టం ఎంతవరకు ఒప్పుకుంటుంది?

ఈ నెల మా శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో అయిదు ఆయుధాల గురించినవే. ఊళ్లు వేరైనా అందరి భయమూ ఒకటే కాబట్టి వాటన్నిటికీ ఒకే చోట జవాబులు ఇస్తున్నాను. ఉత్తరాలను కొద్దిగా కుదించాను.

ప్రశ్న: ఇందుకూరుపేట మండలంలో నాకు రొయ్యల గుంటలు ఉన్నాయి. పట్టుబడి రోజున కూలీలకు, ఐసుకు, లారీకి అంతా నగదుగానే ఇవ్వాలి కాబట్టి నెల్లూరు నుంచి రాత్రివేళ మూడు నాలుగు లక్షలు బండి మీద తీసుకుపోవలసి వస్తుంది. నిరుడు గుంటల కట్ట మీద ఇద్దరు బండికి అడ్డం పడి సంచి లాక్కోబోయారు. వెనక లారీ లైట్లు కనబడేసరికి పారిపోయారు. రివాల్వరు కొనుక్కోమని అప్పటి నుంచి మా ఇంట్లో ఒకటే పోరు. నాకు లైసెన్సు ఇస్తారా? ఇస్తే దాన్ని నడుముకు పెట్టుకొని భార్యాబిడ్డలతో బజారుకు, పెళ్లిళ్లకు వెళ్లవచ్చునా? (ఒక రైతు, ఇందుకూరుపేట మండలం)

జవాబు: ఆ రాత్రి జరిగినదాని మీద మీరు పోలీసులకు ఫిర్యాదు ఇచ్చారో లేదో మీ ఉత్తరంలో లేదు. ముందు తేలవలసింది అదే. లైసెన్సు దరఖాస్తు కలెక్టరు గారి కార్యాలయానికి చేరినా, అది తిరిగి మీ స్టేషనుకే విచారణకు వస్తుంది. అక్కడి రికార్డులో మీ మీద జరిగిన దాడి ఊసే లేకపోతే, ప్రాణభయం ఉందని మీరు ఎంత వివరంగా రాసుకున్నా అది కాగితం మీది మాటగానే మిగిలిపోతుంది.

మన దేశంలో ఆయుధం కలిగి ఉండడం ప్రాథమిక హక్కు కాదు. 1959 నాటి ఆయుధాల చట్టం, దాని కింద 2016లో వచ్చిన నిబంధనలు షరతుల మీద ఇచ్చే అనుమతి మాత్రమే. ఇందులో చాలామంది గమనించని తేడా ఒకటి ఉంది. రక్షణ కోసం 20 అంగుళాలకు తగ్గని గొట్టం ఉన్న నున్నటి బోరు (గొట్టం లోపలి రంధ్రం) తుపాకీని, అంటే మన ఊళ్లలో పాతకాలపు మోతుబరుల ఇళ్లలో కనిపించే 12 బోరు తుపాకీ వంటిదాన్ని అడిగినవారికి, అనర్హత ఏదీ లేకపోతే లైసెన్సు ఇవ్వాలనే సెక్షన్ 13 చెబుతుంది. రివాల్వరు, పిస్టల్ అడిగేవారి విషయంలో మాత్రం తగిన కారణం ఉందని అధికారికి నమ్మకం కలగాలి. ఇంటి గోడకు ఆనించే తుపాకీని చట్టం ఒక కంటితోను, చొక్కా కింద దాగే తుపాకీని మరొక కంటితోను చూస్తుందన్నమాట. మీరు కోరేది రెండో రకం కనుక కారణం నిరూపించవలసిన భారం మీదే.

దరఖాస్తుదారుకు 21 ఏళ్లు నిండి ఉండాలి. ఆయుధం వాడకంలో, భద్రతలో శిక్షణ పొందినట్టు ధ్రువపత్రం, ఇంట్లో దాన్ని భద్రపరిచే ఏర్పాటు ఉందన్న హామీ ఇవ్వాలి. ఆస్తి చాలినంత లేదన్న ఒక్క కారణంతో దరఖాస్తును తోసిపుచ్చకూడదని చట్టంలోనే ఉంది కాబట్టి, గుంటలు కౌలువైనా సరే మీరు జంకనక్కరలేదు. నిరాకరిస్తే కారణాలు రాతపూర్వకంగా నమోదు చేయాలి, దాని మీద మీరు అప్పీలు చేసుకోవచ్చు. 2019 సవరణ తరువాత లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి అయిదేళ్లకు పెరిగింది, ఒకరి దగ్గర ఉండదగిన తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి. సాధారణ పౌరులకు దొరికేది పాయింట్ 32 బోరు వంటిది. సినిమాల్లో చూసే 9 ఎంఎం పిస్టల్ నిషిద్ధ బోరు కిందికి వస్తుంది. దాని జోలికి పోవద్దు.

ఇక నడుముకు పెట్టుకొని తిరగడం. లైసెన్సు ఆత్మరక్షణకు ఇచ్చినదైతే వెంట తీసుకువెళ్లవచ్చు. అయితే 2016 నిబంధనల ప్రకారం అది ఒంటికి కట్టుకున్న ఒరలో ఉండాలి, పూర్తిగా కప్పి ఉండాలి, ఎల్లప్పుడూ మీ అదుపులో ఉండాలి. బహిరంగ స్థలంలో బయటికి తీసి చూపించడమే నేరం కాగలదు. పెళ్లి ఊరేగింపులో సరదాకు ఆకాశంలోకి పేల్చినా 2019 సవరణ కింద రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

మీరు పెళ్లిళ్ల ప్రస్తావన తెచ్చారు కనుక చెబుతున్నాను. కొన్నేళ్ల కిందట నెల్లూరులో ఒక కల్యాణ మండపంలో, లైసెన్సున్న నా పరిచయస్థుడొకాయన భోజనం చేసి చెయ్యి కడుక్కోవడానికి కుళాయి దగ్గర వంగాడు. చొక్కా పైకి జరిగి తోలు ఒర బయటపడింది. పక్కన నిలబడి ఉన్న ఏడేళ్ల పిల్లవాడు దాన్ని వేలితో తాకబోయాడు. ఆయన ఉలిక్కిపడి తడి చేత్తోనే పిల్లవాడి చెయ్యి పట్టుకున్నాడు. వాడు గుక్కపట్టి ఏడ్చాడు, పంక్తిలో సగంమంది లేచి నిలబడ్డారు. మిగతా పెళ్లంతా ఆయన ఎడమ చెయ్యి నడుము మీది నుంచి తీయలేదు, వధూవరుల మీద అక్షింతలు కూడా కుడిచేత్తో ఒక్కసారి విసిరి వెళ్లిపోయాడు. ఆ రోజు ఆయన ఎవరిని ఎవరి నుంచి కాపాడాడో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

మరొక సంగతి. లైసెన్సు ఏ ప్రాంతం వరకు చెల్లుతుందో దాని మీదనే రాసి ఉంటుంది. మన రాష్ట్రానికి మాత్రమే చెల్లే లైసెన్సుతో, కారులో ఆసుపత్రి పని మీద చెన్నైకి బయలుదేరి తడ దాటారంటే, అక్కడి నుంచి అది షరతుల ఉల్లంఘనే. తిరుమలకు వెళ్తే అలిపిరి తనిఖీ దాటి పైకి పోనివ్వరు. ఎన్నికల ప్రకటన వెలువడినప్పుడు, మినహాయింపు దొరికిన కొద్దిమంది తప్ప మిగిలినవారు ఆయుధాన్ని స్టేషనులో అప్పగించవలసి వస్తుంది. 2024లో మార్చి నుంచి జూన్ దాకా ఇదే జరిగింది. పల్లెల్లో కక్షలు రగిలే కాలం అదే.

నన్నడిగితే, మీ దారి మీద తుపాకీ కన్నా బ్యాంకు ఖాతా ఎక్కువ పని చేస్తుంది. కూలీల మేస్త్రీకి, లారీ యజమానికి ఫోను ద్వారానే డబ్బు పంపగలిగితే ఆ సంచి ఉండదు, సంచి లేకపోతే కట్ట మీద కాపు కాసేవాడూ ఉండడు. బండి నడుపుతూ, చేతులు రెండూ హ్యాండిల్ మీద ఉన్న మనిషి ఒరలోంచి రివాల్వరు తీసే లోపల ఎదుటివాడి కర్ర పని ముగించేస్తుంది. అయినా మీకు దరఖాస్తు చేసుకునే అర్హత ఉంది, మీ కారణం కూడా బలహీనమైనది కాదు.

ప్రశ్న: మా ఇల్లు ఊరికి దూరంగా క్వారీ దారిలో ఉంటుంది. మా అన్నగారికి లైసెన్సున్న తుపాకీ ఉంది. అర్ధరాత్రి దొంగలు తలుపు పగలగొట్టి వస్తే కాల్చవచ్చునా? కాల్చితే హత్య కేసు పెడతారని కొందరు, ఏమీ కాదని కొందరు అంటున్నారు. (ఒక పాఠకుడు, చీమకుర్తి)

జవాబు: రెండు మాటలూ సగం నిజాలే. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు ఉన్న సెక్షన్లు ఆత్మరక్షణ హక్కుకు సంబంధించినవి. పాత శిక్షాస్మృతిలో 96 నుంచి 106 వరకు ఉన్నవే ఇవి. ప్రాణం పోతుందని, తీవ్రమైన గాయం అవుతుందని, అత్యాచారం లేదా అపహరణ జరుగుతుందని, యాసిడ్ పోస్తారని సహేతుకమైన భయం కలిగినప్పుడు ఎదుటివాడి ప్రాణం తీయడం వరకు ఆ హక్కు వెళ్తుంది. మీదే కాదు, మీ ఇంట్లోవారిదే కాదు, పక్కింటివారి శరీరాన్ని కాపాడడానికి కూడా అది వర్తిస్తుంది. పొద్దు గుంకినప్పటి నుంచి పొద్దు పొడిచే దాకా ఇంటికి కన్నం వేసి లేదా తలుపు పగలగొట్టి చొరబడడాన్ని సెక్షన్ 41 ప్రత్యేకంగా పేర్కొంది. కనుక మీరు చెప్పిన సందర్భంలో చట్టం మీ వైపే ఉంది.

అయితే రక్షణకు అవసరమైనంతకు మించి హాని చేయరాదని సెక్షన్ 37 హద్దు గీసింది. పోలీసుల సాయం పొందే వ్యవధి ఉన్నప్పుడు ఆ హక్కు ఉండదని కూడా అందులోనే ఉంది. దొంగ గొడ్డలి ఎత్తి మీదికి వస్తున్నప్పుడు పేలిన గుండు వేరు, అతడు గోడ దూకి మామిడి తోటలో పడి పరుగెత్తుతున్నప్పుడు వీపున తగిలిన గుండు వేరు. కోర్టు మొదట చూసేది గాయం ముందు వైపు ఉందా, వెనక వైపు ఉందా అన్నది. పెరట్లో మోటారు విప్పుకుపోతున్న ఒంటరి చిల్లర దొంగను చంపే హక్కు ఎవరికీ లేదు. ప్రాణభయంలో ఉన్న మనిషి తన దెబ్బను బంగారు త్రాసులో తూచి కొట్టలేడన్న సంగతిని మన న్యాయస్థానాలు చాలాకాలంగా ఒప్పుకుంటున్నాయి, దర్శన్ సింగ్ కేసులో 2010లో సుప్రీంకోర్టు ఈ సూత్రాలన్నిటినీ మళ్లీ క్రోడీకరించింది. ఆత్మరక్షణ అని నిరూపించుకునే భారం కాల్చినవారి మీదే ఉంటుంది గాని, సందేహానికి తావు లేనంత గట్టిగా నిరూపించనక్కరలేదు, జరిగి ఉండడానికే ఎక్కువ అవకాశముందని చూపగలిగితే చాలు. కేసు నమోదు కావడం, తుపాకీని పరీక్షకు పంపడం మాత్రం తప్పవు.

మీ ఉత్తరంలో మరొక చిక్కు ఉంది. తుపాకీ అన్నగారిది, ఇల్లు మీది. లైసెన్సు అన్నగారి పేరున ఉన్నప్పుడు ఆయన ఊళ్లో లేని రోజున అది మీ మంచం పక్కన ఉంటే, దొంగ వచ్చినా రాకపోయినా, మీరు లైసెన్సు లేకుండా ఆయుధం కలిగి ఉన్నట్టే. దానికి శిక్ష రెండేళ్లకు తగ్గకుండా అయిదేళ్ల వరకు, జరిమానా అదనం.

ప్రశ్న: లైసెన్సు అవసరం లేని ఎయిర్ పిస్టల్ ఆన్‌లైన్‌లో దొరుకుతోంది. రాత్రి షిఫ్టు చేసే మా అమ్మాయికి కొనివ్వవచ్చునా? (ఒక తల్లి, నెల్లూరు)

జవాబు: గొట్టం లోపలి వ్యాసం 4.5 మిల్లీమీటర్లు, శక్తి 20 జౌళ్లకు మించని ఎయిర్ పిస్టల్‌కు లైసెన్సు అక్కరలేదన్నది నిజమే. కాని అది గురి నేర్చుకునే సాధనం. చూడడానికి మాత్రం అసలు పిస్టల్ లాగే ఉంటుంది. దాన్ని నిజమైనదని నమ్మిన దుండగుడు భయపడి పారిపోవచ్చు, తెగించి పొడవనూవచ్చు. పెప్పర్ స్ప్రే కొనివ్వండి, ఒకసారి ఆరుబయట గాలివాటు చూసుకొని వాడి చూడమని చెప్పండి.

ప్రశ్న: మా నాన్నగారు మూడు నెలల కిందట కాలం చేశారు. ఆయన పేరున ఉన్న డబుల్ బ్యారెల్ తుపాకీ ఇప్పటికీ బీరువాలోనే ఉంది. అది మా తాతగారి నాటిది, అమ్మ దాన్ని వదులుకోనంటున్నది. ఏం చేయాలి? (ఒక పాఠకుడు, ఒంగోలు)

జవాబు: ఈ పత్రిక మడిచి పెట్టి ముందు ఆ పని చూడండి. లైసెన్సుదారు మరణించగానే ఆ తుపాకీని ఇంట్లో ఉంచుకునే అధికారం ఎవరికీ ఉండదు. అనవసరమైన ఆలస్యం లేకుండా దాన్ని పోలీస్ స్టేషనులో గాని, లైసెన్సున్న ఆయుధాల వ్యాపారి దగ్గర గాని జమ చేయాలని సెక్షన్ 21 చెబుతుంది. మరణ ధ్రువపత్రం, లైసెన్సు పుస్తకం, మిగిలిన తూటాలు అన్నీ కలిపి తీసుకువెళ్లండి. తుపాకీ నంబరు, తూటాల లెక్క స్పష్టంగా రాసిన రసీదు తీసుకోకుండా అక్కడి నుంచి కదలవద్దు. జమ చేయడమంటే వదులుకోవడం కాదని అమ్మగారికి చెప్పండి. వారసుల్లో ఒకరు మిగతావారి అంగీకార పత్రాలతో తన పేరున లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవచ్చు, మంజూరైతే అదే తుపాకీ తిరిగి ఇంటికి వస్తుంది. ఇటువంటి తిప్పలు లేకుండా, లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, తుపాకీ 25 ఏళ్లుగా ఆయన దగ్గర ఉన్నా, తన జీవితకాలంలోనే వారసుడి పేరున మార్పించుకునే వీలు 2016 నిబంధనల్లో ఉంది. ఇంట్లో పెద్దవారి తుపాకీ ఉన్న ఇతర పాఠకులు కూడా దీన్ని గమనించగలరు.

ప్రశ్న: మా అబ్బాయి టెక్సస్‌లో హెచ్-1బి వీసా మీద ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడ లైసెన్సు కూడా లేకుండా అందరూ పిస్టల్ పెట్టుకొని తిరగవచ్చునట, కోడలు, పసిబిడ్డ ఉన్నారు గనుక తానూ ఒకటి కొంటానంటున్నాడు. నాకు నిద్ర పట్టడం లేదు. (ఒక తల్లి, కావలి)

జవాబు: అమ్మా, మీ అబ్బాయి విన్నదాంట్లో కొంత నిజముంది. ఆయుధం కలిగి ఉండే హక్కు అమెరికా రాజ్యాంగపు రెండో సవరణలోనే ఉంది. ఇంటి బయట కూడా ఆత్మరక్షణకు పిస్టల్ వెంట ఉంచుకునే హక్కు అందులో భాగమేనని అక్కడి సుప్రీంకోర్టు 2022 జూన్ 23న న్యూయార్క్ కేసులో తీర్పు చెప్పింది. టెక్సస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి, 21 ఏళ్లు నిండి, చట్టప్రకారం అనర్హత లేనివారు అనుమతి పత్రం లేకుండానే పిస్టల్ పెట్టుకొని తిరగవచ్చు. అక్కడ కూడా బడుల్లోకి, రాబడిలో 51 శాతం మద్యం మీద వచ్చే బార్లలోకి తీసుకుపోరాదు.

అయితే ఆ "అనర్హత లేనివారు" అన్న మాట దగ్గరే మీ అబ్బాయి ఆగాలి. హెచ్-1బి, ఎఫ్-1 వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకీ గాని తూటా గాని కలిగి ఉండడాన్ని అమెరికా సమాఖ్య చట్టం నిషేధించింది. రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు ఉన్నవారి వంటి కొద్దిమందికి మినహాయింపు ఉంది. గ్రీన్ కార్డు వచ్చినవారికి ఈ నిషేధం లేదు. ఉల్లంఘనకు 15 ఏళ్ల దాకా జైలు శిక్ష పడవచ్చు, ఆపైన దేశం నుంచి పంపివేయడం. మినహాయింపు తనకు వర్తిస్తుందని స్నేహితులు చెప్పారని కాక, అక్కడి వలస న్యాయవాది రాసి ఇచ్చాకనే అతడు అంగడి మెట్లెక్కడం మంచిది. 2023 మే 6న అదే రాష్ట్రంలోని ఆలెన్ పట్టణంలో మాల్‌లో జరిగిన కాల్పుల్లో మరణించిన ఎనిమిది మందిలో మన తెలుగు యువతి ఒకరు ఉన్నారు. మీ భయానికి, మీ అబ్బాయి కోరికకు కూడా కారణం ఇటువంటివే కావచ్చు.

ఒకవేళ అతడు స్నేహితులతో కలిసి షూటింగ్ రేంజికి వెళ్లే అలవాటున్నవాడైతే, పండక్కి ఇంటికి బయలుదేరే ముందు సూట్‌కేసు జేబులు, పాత బ్యాగుల అడుగులు తిప్పి దులుపుకోమని చెప్పండి. మరచిపోయిన ఒక్క తూటా సామాన్లలో దొరికినా మన విమానాశ్రయాల్లో ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు. అది తెలియక ఉండిపోయిందని కోర్టులు నమ్మి కొట్టివేసిన సందర్భాలు ఉన్నాయి గాని, ఆ మాట కోర్టు దాకా వెళ్లి చెప్పేసరికి సెలవు కాస్తా అయిపోతుంది.