నడవలేని స్థితిలో ఊళ్ళో ఒంటరిగా ఉంటున్న అమ్మగారి విషయంలో ఏం చేయవచ్చు?

మీ అమ్మగారికి 82 ఏళ్ళనీ, తుంటి విరిగాక గడప దాటడం లేదనీ, రోజూ ఫోన్ చేస్తున్నా "నాకెవరూ లేరు" అంటున్నారనీ, హైదరాబాదుకు తీసుకురావాలా వద్దా అనీ అడిగారు. తెనాలి దగ్గర మా ఊళ్ళో మా అమ్మ చివరి మూడేళ్ళూ దాదాపు ఇదే స్థితిలో గడిపింది కాబట్టి, మేము చేసిన పొరపాట్లతో సహా రాస్తున్నాను.

మొదట మేమూ అమ్మను నగరానికే తెచ్చుకున్నాం. ఎప్పుడూ తలుపులు మూసి ఉండే ఐదో అంతస్తులో, మేమిద్దరం ఉద్యోగాలకు వెళ్ళాక సాయంత్రం ఏడింటి దాకా పలకరించే మనిషి లేక, నాలుగు నెలలకే ఆమె తిండి సగానికి పడిపోయింది. తిరిగి ఊళ్ళో దించాం. అక్కడ మనుషులున్నారు గానీ, సాయంత్రం అరుగు మీద నలుగురు చేరినా అమ్మ మంచం దిగేది కాదు. ఎంత అడిగినా కారణం చెప్పలేదు. సంక్రాంతికి వెళ్ళి వారం రోజులు పక్కనే ఉంటే అర్థమైంది: అరుగు మీద కూర్చున్నాక మూత్రానికి లేవాల్సివస్తే పెరట్లోకి సమయానికి చేరుకోలేనేమో, అందరి ముందూ చీర తడుస్తుందేమో అని ఆమె భయం. ఆ భయంతో మధ్యాహ్నం నుంచి మంచినీళ్ళు తాగడం కూడా మానేసింది. మంచానికీ అరుగుకూ మధ్య దూరం పన్నెండు అడుగులు. "తిన్నావా, మందులు వేసుకున్నావా" అంటూ మేము చేసిన ఫోన్లు ఆ పన్నెండు అడుగులు దాటించలేకపోయాయి.

గదిలో కమోడు కుర్చీ పెట్టించి, గడప పక్కన గోడకు పట్టుకునే కడ్డీ బిగించాం. చెవులు కూడా తప్పక చూపించండి. అమ్మ ఫోన్లో అన్నిటికీ "ఆఁ, ఆఁ" అంటుంటే వినపడక అంటోందని మాకు చాలాకాలం తట్టలేదు. డాక్టరు గులిమి తీసి, వినికిడి మిషన్ పెట్టాకే ఆమె మళ్ళీ మాకు ఎదురు ప్రశ్నలు వేయడం మొదలుపెట్టింది.

ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి 4,000 రూపాయలైన వృద్ధాప్య పింఛనును ఒకటో తేదీన ఇంటికే తెచ్చి ఇస్తున్నారు. అమ్మ ఆ రోజు పొద్దున్నే స్టూలు తుడిచి పెట్టించేది. అరిగిన వేలి ముద్ర పడక సచివాలయం అమ్మాయి రెండు మూడుసార్లు నొక్కిస్తుంటే, ఆ కాస్త ఆలస్యంలోనే ఆ పిల్ల పెళ్ళి సంబంధాల సంగతంతా అమ్మ అడిగి తెలుసుకునేది. ఆమె ఎదురుచూసింది డబ్బు కోసం కాదని నా నమ్మకం. అది చూశాకే, జాలిపడి వచ్చేవారికన్నా పని మీద వచ్చేవారు ఆమెకు అవసరమని గ్రహించి, ఈనెలు తీయాల్సిన చిక్కుడుకాయలో, పిక్కలు తీయాల్సిన చింతపండో తెచ్చి ఇమ్మని పక్కింటి కోడలిని అడిగాను. పని నిదానంగానే సాగేది, కానీ అడిగేవాళ్ళున్నారన్న ధీమా ఆమె గొంతులో తెలిసేది.

అయితే తిండి, నిద్ర బాగా తగ్గినా, "ఇక బతికి ఏం లాభం" అన్న మాట వచ్చినా, అది ముసలితనమేలెమ్మని వదిలేయకుండా వెంటనే వైద్యుడికి చూపించండి. వృద్ధుల కోసం 14567 అనే ఉచిత సహాయ నంబరు కూడా ఉంది.

మనిషిని పెట్టే ఆలోచన ఉందన్నారు. వంట ఎంత బాగా వచ్చన్నదానికన్నా, ఊరి మనుషులు తెలిసి, నాలుగు మాటలు మాట్లాడే ఆమెనే చూడండి. రోజూ సాయంత్రం ఐదింటికి అమ్మను అరుగు మీద కూర్చోబెట్టి గంటసేపు పక్కనే ఉండాలని మేము పెట్టుకున్న మనిషికి జీతం మాట్లాడిన రోజే చెప్పాం. వానాకాలంలో కూడా, చూరు కింద కుర్చీ వేసి, ఆమె ఆ మాట తప్పలేదు.