నలభైకి దగ్గరపడిన వారికి పోకెమాన్ లాంటి ఆటలు మరీ తేలికైనవా?

‘పోకెమాన్ స్కార్లెట్’ కథను ఎక్కడా ఓడిపోకుండా ముప్పై గంటల్లో ముగించేశానని, ముప్పై తొమ్మిదేళ్ల వయసులో ఇలా జీవులను పట్టి పెంచే ఆటలు ఆడటం పిల్లచేష్ట అవుతుందేమోనని మీరు అడిగారు. ఇందులో రెండు ఫిర్యాదులు ఉన్నాయి. ఆట తేలికగా ఉండటం ఒకటి, పిల్లల కోసం చేసినట్టు కనిపించటం మరొకటి. ఈ రెండింటినీ ఒకటిగా చూసి నేను కూడా కొన్నాళ్లు పొరపడ్డాను కాబట్టి నా సంగతే చెబుతాను.

నాకు నలభై ఏడేళ్లు. ఒంగోలులో ఉంటాను, చీమకుర్తి వైపు ఒక గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో లెక్కలు చూస్తాను. మా అమ్మాయి కోసం కొన్న నింటెండో స్విచ్ అనే చేతి ఆట యంత్రం, ఆమె పదో తరగతికి వచ్చాక అలమరలోకి చేరింది. పాడైపోతుందనే సాకుతో బయటకు తీశాను. మీరు ఆడిన ఆటనే ఆడాను, మీలాగే ఎక్కడా ఓడిపోలేదు. మొదట్లో ఎంచుకున్న ఫ్యూకోకో అనే నిప్పు మొసలిపిల్లను స్కెలిడర్జ్ అయ్యేదాకా పెంచి, దాని స్థాయిని ఎనభైకి చేర్చి, ఎదురొచ్చిన ప్రతి ఒక్కరి మీదికీ దాన్నే తోలాను. చివరి ప్రత్యర్థుల స్థాయి అరవై దాటి కొంచెమే ఉంటుంది కనుక ఏ దెబ్బ దేనికి తగులుతుందో చూడవలసిన అవసరమే నాకు రాలేదు.

తేలిక అనిపించటానికి కారణం ఇక్కడే ఉంది. పోరులో దిగిన జీవికే కాక, పక్కన కూర్చున్న మిగిలిన ఐదింటికీ అనుభవ పాయింట్లు పంచే ఏర్పాటు ఈ ఆటల్లో ఉంది. 2019లో వచ్చిన ‘స్వోర్డ్’, ‘షీల్డ్’ నాటి నుంచి దాన్ని ఆపుకునే వీలు కూడా తీసేశారు. ‘స్కార్లెట్’లో ఎదుటివారి స్థాయి మన స్థాయితో పాటు పెరగదు. దారిలో నాలుగు అడుగులు అటూ ఇటూ తిరిగితే చాలు, ఎవరైనా ఆ ఎదుటివారికంటే పైకి వెళ్లిపోతారు. తొమ్మిదేళ్ల పిల్లవాడు మధ్యలో విసిగి మానేయకుండా ఉండటానికి వేసిన దారి అది. దాని మీద మనం నడిస్తే మనకు చెమట పట్టకపోవటంలో ఆశ్చర్యం లేదు.

తరువాత సంక్రాంతికి కొండపి దగ్గర మా ఊళ్లో అందరం కలిశాం. బెంగళూరు నుంచి వచ్చిన మా బావమరిది కొడుకు, పన్నెండేళ్ల వాడు, తన స్విచ్ వెంట తెచ్చుకున్నాడు. “మామయ్యా, నాతో ఆడతావా?” అని అడిగితే జాలిపడి ఒప్పుకున్నాను. మనుషులు మనుషులతో ఆడే పోటీ నిబంధనల ప్రకారం జీవులన్నింటి స్థాయినీ ఆట యాభైకి సమం చేసేస్తుంది. నా ఎనభై అక్కడ ఎందుకూ కొరగాలేదు. వాడు దించినది అజుమరిల్, అంటే చూడటానికి స్నానాల తొట్టిలో వేసే బొమ్మలా ఉండే నీలం కుందేలు. నా స్కెలిడర్జ్ నిప్పు కురిపించింది, కానీ నీటి జాతి మీద నిప్పు దెబ్బ సగమే పడుతుంది. కుందేలు ఆ దెబ్బ కాచుకుని, తన ప్రాణంలో సగం ఖర్చుపెట్టి పొట్ట వాయించుకుంది. దాంతో దాని దాడి బలం నాలుగింతలైంది. ఆ రకం కుందేలుకు దాడి బలాన్ని రెట్టింపు చేసే సహజగుణం ముందే ఉంటుందని నాకు తెలియదు. ఆ తరువాత ఎదుటి జీవి కంటే ముందుగానే తగిలే నీటి దెబ్బతో నా మూడు జీవులనూ వరుసగా పడగొట్టింది. మొత్తం మీద అయిదు నిమిషాలు కూడా పట్టలేదు.

వసారాలో మంచం మీద కూర్చున్న మా నాన్న ఇదంతా చూస్తున్నారు. ఆయన పదేళ్ల కిందటి దాకా ఒంగోలు ఎద్దుల జతను మేపి, తిరునాళ్లలో బండలాగుడు పందేలకు తీసుకువెళ్లిన మనిషి. ఎనభయ్యో స్థాయి సంగతి నేను వివరించబోతే, “పాలపళ్ల గిత్తల మీదికి ఆరుపళ్ల ఎద్దుల్ని తోలి గెలిచానంటే ఎవురు ఒప్పుకుంటార్రా అబ్బాయ్?” అన్నారు. మా వైపు పందేల్లో గిత్తలను పళ్ల లెక్కతో విభాగాలు చేస్తారని మీకు తెలిసే ఉంటుంది. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, ఆ పైన పెద్దవి. నేను ఆట పొడవునా చేసిన పనిని ఆయన ఒక్క ముక్కలో తేల్చేశారు.

పండగ నుంచి వచ్చాక ఆట లోపలి లెక్కలు చదవటం మొదలుపెట్టాను. నాది లెక్కల వృత్తి కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువ చెబితే మన్నించండి. ప్రతి జీవికి ప్రాణం, దాడి, రక్షణ, వేగం వగైరా ఆరు గుణాలు ఉంటాయి. ఒక్కో గుణానికి పుట్టుకతో 0 నుంచి 31 వరకు ఒక అంకె వస్తుంది. పెంపకంలో మొత్తం 510 పాయింట్లు సంపాదించవచ్చు, కానీ ఒక గుణం మీద 252కు మించి పెట్టటానికి వీల్లేదు. అంటే రెండు గుణాలను పూర్తిగా నింపితే మిగిలేది ఆరు పాయింట్లే, అన్నింటా బలమైన జీవిని తయారు చేయటం సాధ్యం కాదు. ఇవి కాక 25 స్వభావాలు ఉన్నాయి, వాటిలో 20 ఒక గుణాన్ని పది శాతం పెంచి మరొకదాన్ని పది శాతం తగ్గిస్తాయి. వేగంలో ఒక్క అంకె తేడా ఉంటే చాలు, ఎవరి దెబ్బ ముందు పడుతుందో మారిపోతుంది. అందుకే ప్రత్యర్థి ఏయే జీవులకు ఎంత వేగం ఇచ్చి ఉంటాడో ఊహించి మన పాయింట్లను పంచుకోవలసి ఉంటుంది. నేను దీనికి ఒక చిట్టా పుస్తకమే పెట్టాను, మా ఆవిడ దాన్ని యూనిట్ లెక్కలనుకుని జాగ్రత్తగా బీరువాలో దాచింది.

గుడ్ల ద్వారా పిల్లలను పొందేటప్పుడు, తల్లిదండ్రుల పన్నెండు పుట్టుక అంకెల్లో మామూలుగా మూడే పిల్లకు వస్తాయి, ‘డెస్టినీ నాట్’ అనే వస్తువు తగిలిస్తే ఐదు వస్తాయి. ఇది మా నాన్నకు వివరిస్తే ఆయనకు కొత్తగా ఏమీ అనిపించలేదు. తల్లి ఎవరు, తండ్రి ఎవరు, మూపురం ఎలా ఉంది, గంగడోలు ఎలా దిగింది అని దూడను చూసి చెప్పటమే ఆయన జీవితం. ఇలా ఎంచి ఎంచి మేపిన పశువులే బ్రెజిల్‌కు వెళ్లి, నెల్లూరు పేరు మీద ‘నెలోర్’ జాతిగా అక్కడ స్థిరపడ్డాయి. ఆ పనిని ఎవరూ పిల్లచేష్ట అనలేదు.

ఇక వయసు సంగతి. ఈ ఆటల ప్రపంచ పోటీల్లో పెద్దవారికి మాస్టర్స్ అనే విభాగం వేరుగా ఉంది. అందులో రెండేసి జీవులను ఒకేసారి దించి ఆడతారు, ఆరింటిని తెచ్చి ఎదుటివారిని చూశాక నాలుగింటిని ఎంచుకుంటారు. 2014లో వాషింగ్టన్‌లో జరిగిన పోటీలో కొరియాకు చెందిన సెజున్ పార్క్, ఎవరూ లెక్కచేయని పచిరిసు అనే ఉడుత లాంటి జీవిని జట్టులో పెట్టుకుని విజేత అయ్యాడు. ఆ ఉడుత పని గెలవటం కాదు. ‘ఫాలో మీ’ అనే ఎత్తుతో ఎదుటివారి దెబ్బలను తన మీదికి లాక్కుని, పక్కనున్న బలమైన జీవికి పని చేసుకునే వెసులుబాటు ఇవ్వటం. ఆ ఆట రికార్డింగు మా నాన్నకు చూపిస్తే, “ఇది దాపట ఎద్దు, దీన్ని ఎలపట కడితే చెడుద్ది” అన్నారు. కాడికి ఎడమ పక్క దాపట, కుడి పక్క ఎలపట. రెండూ మేలైన ఎద్దులైనంత మాత్రాన జత కుదరదని ఆయన చిన్నప్పటి నుంచి నాకు చెబుతూనే ఉన్నారు, నాకు అది అర్థమైంది ఈ ఆటలో.

మీ రెండో ఫిర్యాదును నేను కాదనలేను. మాటలు పిల్లల మాటలే, కథ కూడా అంతే, వాటిని నేను బటన్ నొక్కుతూ దాటేస్తాను. ఈ ఆటను తయారు చేసిన సతోషి తజిరి చిన్నతనంలో పురుగులు పట్టే సరదా ఉన్నవాడు. 1996లో జపాన్‌లో గేమ్ బాయ్ మీద వచ్చిన మొదటి ఆట ఆ సరదాలోంచే పుట్టింది, కాబట్టి దాని రూపంలో బాల్యం ఉండక తప్పదు. అది మీకు పంటి కింద రాయిలా తగిలితే ‘షిన్ మెగామి టెన్సెయ్ 5’ అనే ఆట ప్రయత్నించండి, అది 2021లో స్విచ్ మీద వచ్చింది. అందులో జీవులకు బదులు దెయ్యాలు ఉంటాయి, పోకెమాన్‌లోలా బంతులు విసిరి పట్టటం ఉండదు, వాటితో బేరమాడాలి. అడిగిన డబ్బంతా తీసుకుని చెప్పకుండా వెళ్లిపోయేవి కూడా ఉంటాయి. ఎదుటివారి బలహీనత మీద కొడితే మనకు అదనపు వంతు దొరుకుతుంది, తగలని దెబ్బ వేస్తే వంతులు పోతాయి. మొదటి రెండు గంటల్లోనే నేను ఎన్నిసార్లు చచ్చానో లెక్కపెట్టలేదు.

స్కార్లెట్‌నే మళ్లీ ఆడదలిస్తే మూడు కట్టుబాట్లు మీరే పెట్టుకోండి. ఒక్కో ప్రాంతంలో మొదట ఎదురైన జీవిని మాత్రమే పట్టాలి. పోరులో స్పృహ తప్పినదాన్ని చచ్చినట్టే లెక్కవేసి జట్టు నుంచి తీసేయాలి. ఈ రెండూ ‘నజ్‌లాక్’ అనే పేరుతో ఆటగాళ్లలో ఎప్పటినుంచో ఉన్నవే. మూడోది నా సొంతం, జిమ్ అనే ఒక్కో పోటీ కేంద్రంలో ఎదురయ్యే నాయకుడి అత్యున్నత జీవి స్థాయిని మన జీవులు దాటకూడదు. ఇలా ఆడినప్పుడు నా స్కెలిడర్జ్ మూడో జిమ్ దగ్గరే పోయింది, ఆ రాత్రి నిద్ర సరిగ్గా పట్టలేదని చెప్పటానికి సిగ్గుపడను. ఈ లెక్కలూ కట్టుబాట్లూ వద్దు, సాయంత్రం కాసేపు తిరిగితే చాలనుకుంటే మాత్రం ఈ ఆట మీకు తేలికగానే ఉంటుంది, మీరు మరొకటి చూసుకోవటం మేలు.

పోయిన సంక్రాంతికి మా బావమరిది కొడుకుతో ఐదు ఆటలు ఆడి రెండు గెలిచాను. వాడి కుందేలు మాత్రం ఇప్పటికీ నాకు లొంగలేదు. నీటి దెబ్బను తాగేసే క్లాడ్‌సైర్ ఒకటి నా దగ్గర ఉంది, దాని పక్కన దాపట ఏది కట్టాలో ఇంకా తేలలేదు.