మొగ దాటడానికి ఏ టైం మంచిది?

అంతర్వేది దగ్గర గోదావరి మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) దాటి చిన్న బోటులో సముద్రంలోకి ఎప్పుడు వెళ్లాలని అడిగారు కదా, వాతావరణం ఒక్కటే చూస్తే చాలదండీ, పోటు (సముద్రపు నీరు పెరగడం), పాటు (తగ్గడం) కూడా చూసుకోవాలి. మన తీరంలో రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. పోటుకీ పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు కాబట్టి ఆ టైం రోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది, నిన్నటి లెక్కతో బయల్దేరకండి.

అసలు ప్రమాదం పాటు లాగుతున్నప్పుడు. ఏటి నీరు బయటికి ఉరుకుతుంటుంది, ఎదురుగా గాలీ అలలూ లోపలికి తోస్తుంటాయి, రెండూ ఇసుక మేట మీద ఢీకొని అల నిటారుగా లేచి విరుగుతుంది, పైగా అక్కడ లోతు ఉండదు. తెల్లటి నురగ గీతలా కనిపిస్తే ఆగిపోండి. అమావాస్య, పౌర్ణమికీ, ఆ తర్వాత ఒకటి రెండు రోజులూ ఈ లాగుడు మరీ ఎక్కువ. పోటు నిండి నీరు నిలకడగా ఉన్న కాసేపట్లో దాటడం మేలు.

అలల ఎత్తు, గాలి అంచనాలు హైదరాబాద్‌లోని కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ (INCOIS) ఇస్తుంది, చూసుకోండి. వేటకు వెళ్లొద్దని హెచ్చరిక ఉంటే, ఆకాశం ఎంత తేటగా ఉన్నా వెళ్లకండి, ఎక్కడో దూరంగా పుట్టిన అలలు ఇక్కడ గాలి లేకపోయినా వస్తాయి. లైఫ్ జాకెట్ ఒడ్డునే వేసుకోండి, దయచేసి.