కలుపుమందు కలిసిన నీటిలో తోకకప్పలు చావకపోతే, ఆ నీరు వాటికి మంచిదేనా?

కాదు, తోకకప్పను చంపని మోతాదు కూడా దాని ఎదుగుదలను దారి తప్పించగలదు.

కాళ్లు మొలవడం, తోక కరగడం, మొప్పలు పోయి ఊపిరితిత్తులతో బతకడం, అన్నిటినీ నడిపేది థైరాయిడ్ హార్మోనే. దాని తయారీకి అయోడిన్ కావాలి. బాణసంచాలో వాడే పెర్క్లోరేట్ అనే రసాయనం నీటిలో చేరితే ఆ అయోడిన్‌ను థైరాయిడ్ గ్రంథిలోకి పోనివ్వదు, తోకకప్ప కప్పగా మారడం ఆలస్యమవుతుంది. మన శ్రీకాకుళం, విజయనగరం వైపు వాననీటి గుంటల్లో పుట్టినదానికి ఆలస్యమంటే చావే, నీరు ఎండేలోగా కప్ప కావాలి కదా. గుడ్డుకు పెంకు లేదు, చర్మమూ పల్చన, కాబట్టి నీటిలోని రసాయనం నేరుగా లోపలికి పోతుంది.

ఇక్కడ వరి కోశాక వేసే మొక్కజొన్నలో, విత్తిన రెండు మూడు రోజుల్లో కొట్టే అట్రజిన్ అనే కలుపుమందును చూడండి. లీటరుకు 2.5 మైక్రోగ్రాములున్న నీటిలో ఆఫ్రికా జాతి కప్పలను పెంచిన ప్రయోగంలో, జన్యుపరంగా మగవాటిలో సుమారు 10 శాతం ఆడకప్పలుగా ఎదిగాయి. అన్ని ప్రయోగశాలల్లోనూ ఈ ఫలితం రాలేదు, మన పొలం కప్పలకు ఇదే అంకె అంటగట్టకూడదు.

చచ్చిన కప్పలు తేలితేనే విషమని చాలామంది అనుకుంటారు. మోతాదుతో పాటు తగిలిన వయసూ ముఖ్యమే: పెద్ద కప్పను ఏమీ చేయనిది తోకకప్పను జీవితాంతం మార్చేయగలదు. మందు కొట్టిన ట్యాంకును గెడ్డలోనో చెరువులోనో కడగకండి. ఆ కడుగునీళ్లు మందు కొట్టిన చేలోనే చల్లేయండి.