కెగ్ మూత బిగించి పులియబెడితే గ్యాస్ దానంతటదే పడుతుందా?

మీరడిగింది ఇదీ: సీఓటూ సిలిండర్ కొనకుండా, 19 లీటర్ల కార్నీ కెగ్‌లోనే (కూల్‌డ్రింకు కంపెనీలు వాడిన స్టీలు పీపా) బీరు పులియబెట్టి అందులోనే గ్యాస్ పట్టించవచ్చా, చిత్తూరు ఎండలకు అది పేలదు కదా అని. గ్యాస్ బ్రహ్మాండంగా పడుతుంది. కానీ మూత బిగించి వదిలేస్తే కుదరదు, ఎక్కువైన గ్యాస్‌ను వదిలే స్పండింగ్ వాల్వ్ ఉండి తీరాలి.

ముందు చట్టం సంగతి. అమెరికాలో ఇంటి వాడకానికి బీరు చేసుకోవడానికి 1978లోనే కేంద్ర చట్టం దారి ఇచ్చింది. అక్కడున్నన్నాళ్లూ నేను చేసుకునేవాణ్ణి. ఇక్కడ లైసెన్సు లేకుండా కాస్తే ఎక్సైజ్ కేసవుతుంది. అందుకే తిరుపతి వచ్చేశాక అదే కెగ్‌లో అల్లం సోడా చేస్తున్నాను. పద్ధతి రెండింటికీ ఒకటే.

స్పండింగ్ వాల్వ్ అంటే మరేం లేదు, గేజ్ ఉన్న చిన్న వాల్వ్. గ్యాస్ పోస్ట్‌కు, అంటే కెగ్ పైన గ్యాస్ వచ్చిపోయే మూతికి తగిలించి, ఎంత ప్రెషర్ దాటితే వదలాలో తిప్పి పెట్టుకోవాలి. అది లేకుండా మామూలు బీరును మొదటి నుంచీ మూసేస్తే, ఈస్ట్ చక్కెరంతా తినేసరికి లోపల ప్రెషర్ 200 పీఎస్ఐ (టైర్లలో గాలి కొలిచే లెక్కే) దాటే లెక్క. కెగ్ తట్టుకునేది 130 వరకే. మూత మీదుండే సేఫ్టీ వాల్వ్ ఆఖరి దిక్కు మాత్రమే, దాన్ని నమ్ముకుని పని మొదలుపెట్టకండి.

మన ఊళ్లో అసలు తిరకాసు వేడి. గేజ్‌లో అంకె ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు, పక్కన థర్మామీటర్ ఉండాల్సిందే. బీరుకు సరిపడా గ్యాస్, అంటే 2.5 వాల్యూమ్‌లు (లీటరు బీరులో రెండున్నర లీటర్ల గ్యాస్ కరిగి ఉండడం), ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర 12 పీఎస్ఐకే నిలుస్తుంది. అదే గ్యాస్‌కు 20 డిగ్రీల దగ్గర 28, 30 డిగ్రీల దగ్గర 38 పైన కావాలి. ఇంటర్నెట్‌లో ఎవరో చల్లటి దేశంవాళ్లు చెప్పిన అంకె పెట్టుకుని, మే నెలలో మన వంటింట్లో చేస్తే తాగేది చప్పటి బీరే.

మొదటి రెండు మూడు రోజులు వాల్వ్‌ను 10 దగ్గరే ఉంచండి, ప్రెషర్ మరీ ఎక్కువైతే ఈస్ట్ నీరసపడుతుంది. ద్రవం సాంద్రత కొలిచే హైడ్రోమీటర్‌లో ఇంకా నాలుగైదు పాయింట్లు (ఒక పాయింట్ అంటే 0.001) దిగాల్సి ఉందనగా, మీ దగ్గరున్న వేడికి పైన చెప్పిన అంకెకు పెంచండి. ఒక్కో పాయింట్‌కు దాదాపు అర వాల్యూమ్ గ్యాస్ వస్తుంది. ఈస్ట్ విషయానికొస్తే, నార్వేవాళ్ల క్వైక్ రకం 30 దాటినా రుచి చెడగొట్టదు. ఏల్ రకం బీరుకు వాడే మామూలు ఈస్ట్‌కు ఆ వేడిలో ఘాటు వాసన వచ్చేస్తుంది.

మూత దగ్గర ఒక చిక్కుంది. లోపలి నుంచి ప్రెషర్ తోస్తేనే ఆ రబ్బరు రింగు సరిగ్గా కూర్చుంటుంది. మీకు సిలిండర్ లేదు కాబట్టి, గ్యాస్ పోస్ట్‌కు టైర్ వాల్వ్ అమర్చి సైకిల్ పంపుతో నాలుగు కొట్లు కొట్టండి. ఈస్ట్ వేసిన వెంటనే అయితే గాలి తగిలినా నష్టం లేదు, దానికి అప్పుడు ఆక్సిజన్ కావాలి కూడా. తర్వాత మాత్రం వద్దు. సబ్బునీళ్లు మూత చుట్టూ రాసి చూడండి, ఎక్కడ సన్నగా బుడగ లేస్తే అక్కడే లీకు. పైన మూడు లీటర్లైనా ఖాళీ వదలండి, లేకపోతే నురగ ఎక్కి వాల్వ్‌ను మూసేస్తుంది.

నాలా సోడా చేస్తే ఇంకో జాగ్రత్త. బీరులో తినే చక్కెర అయిపోతే ఈస్ట్ ఆగుతుంది, సోడాలో తీపి కోసం చక్కెర మిగిల్చేస్తాం కాబట్టి దాన్ని ఆపేది ఫ్రిజ్ ఒక్కటే. ఎండాకాలం కరెంటు పోయిందంటే మళ్లీ లేస్తుంది. వాల్వ్‌ను ఫ్రిజ్‌లో కూడా తీయకండి.

కెగ్ సెకండ్ హ్యాండ్‌ది కొంటే రబ్బరు రింగులన్నీ మార్చేయండి. పాత కోలా వాసన ఎంత కడిగినా వదలదు.