శాండీని ఏడిపించకు

అమ్మాయ్,

పారిపోయిన బానిస శాండీ మీద నువ్వు రాసిన కథ రెండుసార్లు చదివాను. గుర్రం డెక్కల చప్పుడు బాగా పట్టావు. మిగతాదానికి ఒళ్ళు మండింది.

1769 సెప్టెంబరులో అమెరికాలో అతని యజమాని థామస్ జెఫర్సన్, పట్టిచ్చినవాళ్ళకి బహుమతి ఇస్తానని 'వర్జీనియా గెజెట్' పత్రికలో వేయించిన ప్రకటన ఎదురుగా పెట్టుకునే రాశానన్నావు. మరి అందులోని మనిషి నీ కథలో ఏడీ? 35 ఏళ్ళవాడు. పొట్టి, కాస్త ఒళ్ళున్నవాడు. జోళ్ళు కుడతాడు, అదీ పుర్రచేత్తో. మోటు వడ్రంగం వచ్చు. తాగుతాడు, తాగితే ఎవర్నీ లెక్కచెయ్యడు, నోరు తెరిస్తే తిట్లు. పోతూ పోతూ ఓ తెల్లగుర్రాన్ని తోలుకుపోయాడు, బండి పట్టీలు ఒరుసుకుని దాని ఒళ్ళంతా మచ్చలు.

నీ శాండీ తాగడు, తిట్టడు. మొదట్నించీ చివరిదాకా ఏడుస్తాడు.

పట్టుకోవాలన్న కసితో చూసినవాడికి పుర్రచెయ్యి కనపడింది. జాలితో చూసిన నీకు కనపడలేదు. తాగుబోతు, జిత్తులమారి అన్నది యజమాని నోరే, నమ్మమనను. కానీ ఆ తిట్టు వెనకే కదా ఎదురు మాట్లాడే మనిషి ఉన్నాడు!

అన్నిటికంటే ఆ పనిముట్లు. జోళ్ళు కుట్టే సరంజామా వెంట పట్టుకెళ్ళాడనీ, ఆ పనితోనే బతకజూస్తాడనీ జెఫర్సనే రాశాడు. నువ్వేమో 'ఏదో మూట' అని వదిలేశావు.

నా మొదటి కథ మా ఊళ్ళో చెప్పులు కుట్టే తాత మీద. తోలుకి బెజ్జాలు పొడిచే ఆరె పట్టీపట్టీ కాయకాచిన అరచేతి మీద నాలుగు వాక్యాలు రాస్తే, ఎడిటరుగారు వాటిని కొట్టేసి, ఆర్ద్రత చాల్లేదని సొంత కన్నీళ్ళు కలిపి వేశారు. పత్రిక పట్టుకెళ్ళి తాతకి చదివి వినిపించాను. ఆఖరిదాకా విని, "ఎవరి కథ బాబూ ఇది?" అన్నాడు. ఎడిటర్లు ఇప్పటికీ ఆర్ద్రతే అడుగుతున్నారు. ఇవ్వకు.

తర్వాత అమెరికా స్వాతంత్ర్య ప్రకటన రాసిందీ ఈ జెఫర్సన్ చెయ్యేనని రెండు పేరాల ఉపన్యాసం దంచావు. కొట్టెయ్. దానికి బదులు బహుమతి లెక్క చూడు: జెఫర్సన్ ఉండే ఆల్బెమార్ల్ కౌంటీలోనే దొరికితే 40 షిల్లింగులు, అంటే 2 పౌండ్లు; అప్పటి బ్రిటిష్ వలస వర్జీనియాలో ఇంకెక్కడైనా 4 పౌండ్లు, వేరే వలసలో అయితే 10. దూరం పోయేకొద్దీ తల మీద ధర పెరుగుతోంది!

చివర్లో సూర్యోదయంలోకి పంపేశావు. దొరికిపోయాడమ్మా. 1773లో జెఫర్సన్ అతన్ని 100 పౌండ్లకి అమ్మేశాడు.

మళ్ళీ రాయి. ముందు ఆ సంచీ సర్దించు. ఏ పనిముట్టు ఎక్కడ పెట్టాడో నీకు తెలిసేదాకా గుర్రం ఎక్కనివ్వకు.